దాలిలో ఓ పక్కన

“ఇందులో ఆనపకాయ లేదు కదమ్మా?” దేవదానం కంచంలోకి అనుమానంగా చూశాడు.

“లేదురా,” అంది రాహేలు.

సగం కాయ ఉంది. పొద్దున్నుంచీ కందిపప్పుతో, పనసగింజలతో మగ్గీ మగ్గీ ఆనవాలు లేకుండా పోయింది. ఎనిమిదేళ్ల వెధవకి అన్నీ చెప్పాలా ఏమిటి!

వాడు రెండోసారి వేయించుకున్నాడు. ఆరేళ్ల సువార్త వేళ్లు నాకుతూ, “రేపు కూడా దాలి కూరేనా అమ్మా?” అని అడిగింది.

రాహేలు తన సంచి వంక చూసింది. అందులో బదిలీ ఆర్డరు ఉంది. సోమవారం నుంచి అమలాపురంలోనే ఉద్యోగం. నాలుగున్నరకల్లా ఇంటికొచ్చి తన పొయ్యి మీదే వండుకోవచ్చు.

రెండున్నరేళ్ల కిందట ఆమె పరిస్థితి వేరు. మొగుడు బాబూరావు మస్కట్లో, తన బడి ఉప్పలగుప్తంలో. తెల్లవారుతూనే బస్సెక్కితే అమలాపురం పక్కనున్న ఈ పేటకి తిరిగొచ్చేసరికి ఆరు దాటేది. పిల్లలు అప్పటిదాకా పాస్టరమ్మగారి దగ్గర ట్యూషన్లో ఉండి ఆమెతో ఇంటికొచ్చేవారు. తడికట్టెలతో కుస్తీ పట్టి కూర దించేలోపు సువార్త చాప మీద నిద్రపోయేది. లేపితే ఏడుపు, లేపకపోతే పస్తు. పిల్లలు చిక్కిపోయారని ఎవరు చెప్పారో ఏమో, “ఇద్దర్నీ హాస్టల్లో వేసెయ్” అని మస్కట్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రోజు రాహేలు పెరట్లో దడి పట్టుకుని ఏడ్చింది.

దడికి అవతల వీరాయమ్మగారిల్లు. కొబ్బరిపీచుతో తాళ్లు పేనుకుని బతికే ఒంటరి మనిషి. దడి పక్కనే ఆవిడ దాలి. గొయ్యిలో పిడకలు సన్నగా రాజుకుంటూ ఉంటే, మీద పాలకుండ సాయంత్రం దాకా కాగుతూ ఉండేది.

“ఏడుపెందుకమ్మా టీచరమ్మా? పాలు ఎలాగూ కాగుతున్నాయి. ఓ పక్కన నీ కుండ కూడా పెట్టు. నువ్వొచ్చేసరికి ఉడికుంటది.”

“మా కుండ మీ దాలిలోనా అండీ?” రాహేలు తటపటాయించింది.

“ఎవరి కుండో నిప్పుకేం తెలుసమ్మా? తెచ్చి పెట్టు.”

మర్నాటి నుంచి దాలి వెలగని రోజు లేదు, పిల్లలు పస్తు పడుకున్న రోజూ లేదు. వాళ్లను హాస్టలుకి పంపనని రాహేలు మస్కట్‌కి రాసేసింది.

నెల తిరక్కుండానే ఆమె వీరాయమ్మగారి చేతిలో పదిరూపాయల నోటు పెట్టబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

“నాకెందుకమ్మా? పిడకలిచ్చేది గేదె. పెడితే దానికి పెట్టు. కానీ పిల్లల్ని మాత్రం పాక వైపు రానివ్వకు. కొత్త మనిషి కనపడితే కుమ్మేస్తది.”

“అరుపే వినపడదేమండీ?”

“బుద్ధిమంతురాలమ్మా.”

కుమ్మేసే బుద్ధిమంతురాలేమిటో ఆలోచించే తీరిక రాహేలుకి లేదు. అవతల బస్సు హారన్ కొడుతోంది.

ఒకసారి అరసేరు పాలు పొయ్యమని అడిగితే, “పాలకేంద్రానికే చాలట్లేదమ్మా” అంది వీరాయమ్మగారు. ఇంకోసారి పాలకుండ మూత పక్కకి జరిగి ఉంటే లోపల ఉత్త నీళ్లు కనిపించాయి. “కడగడానికి పెట్టేనమ్మా” అంది. ముసురు పట్టిన వారం వీధి చివర లోవమ్మ దగ్గర్నుంచి తట్టెడు పిడకలు నెత్తిన పెట్టుకొస్తూ ఎదురైంది. “మావి తడిసిపోయేయి” అంది. ఆ వారం కూడా పిల్లలకి వేడి వేడి బొబ్బర్ల పులుసే. తడిసిన పిడకల గురించి రాహేలు మళ్లీ అడగలేదు.

రోజూ సాయంత్రం కుండ తీసుకునేటప్పుడు ఆవిడ ఒకే మాట అడిగేది. “నిన్న పిల్లలు తిన్నారా?” తిన్నారని చెబితే చాలు, ఆవిడ ముఖం విప్పారేది.

ఇప్పుడు ఆ మనిషికి ఏమిచ్చి ఈ మేలు తీర్చుకోవాలి? చీర పెడితే తీసుకోదు. డబ్బు సంగతి సరేసరి. రాహేలుకి ఆవిడ మాటే గుర్తుకొచ్చింది. శనివారం మధ్యాహ్నం బజారుకెళ్లి బస్తాడు తెలగపిండి కొని, తమ పేటలోనే ఉండే వీర్రాజు రిక్షాలో వేయించుకొచ్చింది.

“ఏంటమ్మా ఇది?” అంది వీరాయమ్మగారు, పేనుతున్న తాడు ఒళ్లో పెట్టుకుని.

“నాకు అమలాపురం బదిలీ అయిందండీ పిన్నిగారూ. సోమవారం నుంచి మీ దాలికి సెలవు.” అంది రాహేలు. “నా పిల్లలు నా దగ్గరే పెరిగేరంటే మీ చలవేనండీ. మీరేమీ పుచ్చుకోరు. అందుకే మీరన్నట్టు గేదెకి తెలగపిండి తెచ్చేను. ఈ ఒక్కరోజూ నా చేత్తో పెడతానండీ.”

వీరాయమ్మగారు గబగబా లేచింది. “అక్కడ దించెయ్యమ్మా, నేను పెడతాలే. నిన్ను చూస్తే కుమ్మేస్తది.”

“కుమ్మితే కుమ్మనివ్వండి. రెండున్నరేళ్లు నా పిల్లలకి అన్నం పెట్టింది. వీర్రాజూ, ఆ బస్తా పాకలో పెట్టు.”

వీర్రాజు బస్తా భుజానికెత్తుకుని కదల్లేదు. వద్దు వద్దని వీరాయమ్మగారు చేస్తున్న సైగ వాడి కంట పడలేదు.

“ఆయ్, ఇది ఏ గేదెకండీ టీచరుగారూ?”

“ఏ గేదెకేమిటి? వీరాయమ్మగారి గేదెకి.”

వీర్రాజు తెల్లబోయి ఇద్దరి వంకా చూశాడు.

“దాన్ని అమ్మేసి రెండేళ్లు దాటిందండీ!”