కరిగే కాగితం

దుకాణంలో నిలబడ్డ వెర్నా రెండు చేతుల్లో రెండు కట్టలున్నాయి. ఒకటి మెత్తగా, దళసరిగా ఉన్న మామూలు టాయిలెట్ పేపరు. రెండోది ఆర్వీల కోసమని, అంటే ఇల్లులా కాపురముండే బండ్ల కోసమని రాసి ఉన్నది, ధర మూడింతలు.

భర్త డెల్బర్ట్ బతికున్నప్పుడు ఈ కొనుగోళ్లన్నీ అతనివే. ఇల్లమ్మి కొన్న ఆర్వీలో ఇద్దరూ కలిసి ఒక్క చలికాలం ఉన్నారు. ఇప్పుడామెకు ఆ బండి తప్ప వేరే గూడు లేదు. అతను పోయి రెండు నెలలైనా ఏడుపు రాలేదు. మనిషి మొద్దుబారిపోయింది.

"ఆ మెత్తటిది వద్దమ్మా. బండి కింద మురుగు ట్యాంకు మూసుకుపోద్ది" అన్నాడు పక్కనున్న ముసలాయన. ఎర్రటోపీ, మాసిన ప్యాంటు.

"అయితే ఈ ఖరీదైంది కొనాలన్నమాట! కంపెనీవాళ్లు మీకెంత ఇస్తున్నారేంటి?"

"అదీ వద్దు. కింద అరలో ఉంది చూడు, ఒంటి పొరది. చౌక. ముక్క చించి సీసాడు నీళ్లలో వేసి ఊపి చూడు. పీలికలైపోతే మంచిదే."

"దీనికి కూడా పాఠాలా! మీ పని మీరు చూసుకోండి తాతా."

"సరేలే తల్లీ" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

వెర్నా పంతానికి మెత్తటిదే కొంది.

మూడో వారం ట్యాంకు పూడిపోయింది. మురుగు పైకి తన్ని బండంతా కంపు. ఎడారిలో ఇలాంటి బండ్లు నిలుపుకునే ఆ పార్కు మేనేజరు లోరీన్ ముక్కు మూసుకుని వచ్చింది.

"రేపటికల్లా బాగుచేయించకపోతే బండి తీసెయ్యాల్సిందే వెర్నా. రూలు నాది కాదు."

"ఎక్కడికి తియ్యను?"

లోరీన్ వంగి ట్యాంకు వైపు చూసింది. "ఏ కాగితం వాడావు? ఎర్రటోపీ ఓటిస్ నీకు చెప్పలేదూ? కొత్తవాళ్లు కనపడితే వదిలేవాడు కాదే!" అంది.

"చెప్పాడు. కసిరాను." వెర్నాకు తల కొట్టేసినట్టయింది. "కనిపిస్తే క్షమించమంటాను."

"సోమవారం పోయాడు. గుండెపోటు."

వెర్నా బండి మెట్టు మీద కూలబడింది. ఏడుద్దామనుకుంది, రాలేదు.

"సరే, ట్యాంకులు బాగుచేసే మనిషినైనా పిలువు."

"ఎవర్ని పిలవను వెర్నా? ఈ ఎడారి మొత్తానికి ఆ పని చేసి పొట్టపోసుకునేవాడు ఓటిస్ ఒక్కడే."