ఎడమ చెయ్యి

గేటు దగ్గర నిలబడిన పిల్లను చూడగానే పుష్పావతికి ఒళ్ళు మండింది.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ అది. నలభై మిషన్లు. వాటి మీద కూర్చునే నలభై మందినీ అదుపులో పెట్టే సూపర్‌వైజర్ పుష్పావతి. ఆమె ఏ ఊరి నుంచి బస్సెక్కి వస్తుందో అక్కడెవరికీ సరిగా తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

ఓనర్ రవికుమార్ కారు దిగగానే ఆ పిల్ల ఎదురెళ్ళింది.

"ఏదన్నా పనియ్యండి సార్. ఏం చెప్పినా చేస్తా."

"పేరేమి? ఎంతవరకు చదివినావు?"

"అంజలి సార్. తొమ్మిది. ఇంక బడికి పోను. వానల్లేక చెనిక్కాయ చేన్లోనే మాడిపాయ."

"మీ అమ్మ ఒప్పుకొనిందా?"

పిల్ల పుష్పావతి కళ్ళలోకి సూటిగా చూసింది.

"అమ్మ లేదు సార్. నాకెవురూ లేరు."

మాట నోట్లో ఉండగానే చెంప పగిలింది. పుష్పావతి కొట్టిన దెబ్బకు పిల్ల వెళ్ళి గేటుకు గుద్దుకుంది. పెదవి చిట్లి రక్తం కారింది.

"అన్నీ అబద్ధాలు సార్. దీన్ని పెట్టుకోవద్దండి."

రవికుమార్ నవ్వాడు. "ఏంది పుష్పావతీ, నీకు చెయ్యి ముందు, మాట వెనక. ఆ సన్న వేళ్ళు చూడు. దారాలు కత్తిరించేకి పెట్టు. అడిగేవాళ్ళు కూడా ఎవురూ లేరంటాంది."

ఆ యూనిట్‌లోకి రెండు నెలల పనికని వచ్చిన ఆడపిల్లల్లో ఎవరూ తిరిగి బడికి పోలేదు. కుట్టుపని చేసే సువార్త కూతురు కూడా వేసవి సెలవులకనే వచ్చింది. మూడేళ్ళయింది. బిడ్డను వదిలెయ్యమని సువార్త కాళ్ళు పట్టుకుంటే, "అట్లయితే ఇద్దరూ పోండి" అన్నాడు రవికుమార్. ఇప్పుడు తల్లీకూతుళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

పుష్పావతి చెక్క స్కేలు తీసుకుంది. ప్యాంటుకు ఒక పోగు మిగిలితే ఒక దెబ్బ. మధ్యాహ్నానికి పిల్ల మోచేతుల మీద ఎర్రటి చారలు తేలాయి. అన్నానికి కూర్చుంటే పుష్పావతి గిన్నెను కాలితో తన్నింది.

"ఇంటికి పోతావా, పోవా?"

"పోను."

రెండో రోజు జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చుకెళ్ళి కంకర మీదికి విసిరేసింది. పిల్ల మోకాళ్ళు దోక్కుపోయాయి. లేచి, గౌను దులుపుకుని, మళ్ళీ వచ్చి తన చోట కూర్చుంది. కాసేపటికి బట్టల నూగు గొంతులో పడి పుష్పావతికి దగ్గు తెర వచ్చింది. పిల్లే పరుగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పుష్పావతి ఆ గ్లాసును గోడకేసి కొట్టింది.

"రాక్షసి," అనుకున్నారు మిషన్ల మీది ఆడవాళ్ళు. పైకి అనలేదు.

మూడో రోజు రవికుమార్ పిల్ల వెనకే నిలబడి చాలాసేపు చూశాడు.

"చెయ్యి బాగా చురుకుండాది. రేపట్నుంచి మిషన్ మీద కూర్చోబెట్టు. పండుకునేది కూడా ఈడనే, వెనక రూములో. యాడికో పోయి వచ్చేది ఎందుకు, ఎవురూ లేనిదానికి."

పిల్ల ముఖం పాలిపోయింది. మూడు రోజుల్లో మొదటిసారి తల తిప్పి పుష్పావతి వైపు చూసింది.

రవికుమార్ తన గదిలోకి వెళ్ళాడు. పుష్పావతి కటింగ్ టేబుల్ దగ్గరికి నడిచింది. బట్ట కదలకుండా పెట్టే ఇనుప దిమ్మె అందుకుంది. నేరుగా పిల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల కుడిచేతిలోని కత్తెర లాగి అవతల పారేసింది. ఎడమ మణికట్టు పట్టుకుని బల్లకేసి అదిమింది.

"వద్దు," అంది పిల్ల.

దిమ్మె పడింది. ఎముక విరిగిన చప్పుడు మిషన్ల రొదలోనూ వినిపించింది. పిల్ల గావుకేక పెట్టింది. పుష్పావతి మణికట్టు వదల్లేదు. దిమ్మె మళ్ళీ ఎత్తి ఇంకోసారి వేసింది.

మిషన్లన్నీ ఆగిపోయాయి. రవికుమార్ పరుగెత్తుకొచ్చాడు.

"మంచి ప్యాంటుకు కత్తెర పెట్టింది సార్," అంది పుష్పావతి.

రవికుమార్ ఆ చెయ్యి చూసి ముఖం తిప్పుకున్నాడు. వేళ్ళు అప్పుడే ఉబ్బి నల్లబడుతున్నాయి.

"బట్ట పట్టుకునే చెయ్యే పాయ. ఇంక దీన్తో నాకేం పని? బయటికి తోలండి."

"ఎవురన్నా ఆస్పత్రిలో ఇడిసి రాండి. యాడన్నా పడి చస్తే మన మీదికొస్తాది," అంది పుష్పావతి.

సువార్త తన కొంగు చింపి ఆ చేతికి చుట్టింది. పిల్లను నడిపించుకుపోతూ పుష్పావతి ముందు ఆగి, కాళ్ళ దగ్గర ఉమ్మేసింది.

"ఆడదానివేనా నువ్వు?"

పుష్పావతి యూనిట్ వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి కడుపులో ఉన్నదంతా కక్కింది. నోరు కడుక్కుని వచ్చి, మిషన్లు మళ్ళీ మొదలుపెట్టించింది. సాయంత్రం దాకా ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

పొద్దు గుంకే వేళ బస్సు దిగి ఇంటి తలుపు తోసిన పుష్పావతిని చూసి, పిండికట్టు వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ పిల్ల, "అన్నం వండలేదమ్మా, ఒక్క చేత్తో బియ్యం కడిగేకి కాలేదు" అంది.