ట్రెండంటే ఏంటమ్మా?

"ఇప్పుడిదే ట్రెండు తాతయ్యా. తొడుక్కో" అంటూ మనవరాలు నలుపూ తెలుపూ చారల చొక్కా చేతిలో పెట్టింది.

తాత దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

అది జైలు హోటలు. అంటే జైలు కాదు, జైలులా కట్టిన హోటలు. బల్లకో గది. గదికి ఇనుప కటకటాలు. వడ్డించేవాళ్లకు ఖాకీ బట్టలు, చేతిలో లాఠీ. తినడానికి వచ్చినవాళ్లకు మాత్రం చారల చొక్కాలు.

"ట్రెండంటే ఏంటమ్మా?"

"అందరూ చేసేది."

"అందరూ ఎందుకు చేస్తున్నారు?"

"ట్రెండు కాబట్టి!"

"గానుగెద్దు కూడా ఇంతేనే. తిరుగుతూనే ఉంటుంది, ఎందుకని అడగదు."

తాతకు ట్రెండన్న మాట వింటేనే ఒళ్లుమంట. పోయినేడాది మనవరాలు మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు కొనుక్కొచ్చింది. పిచ్చిపిల్లను షాపువాడెవడో మోసం చేశాడనుకుని, తాత సూదీ దారం తీసుకుని శుభ్రంగా కుట్టిపెట్టాడు. ఆ పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ మాట అప్పుడే మొదటిసారి చెవినపడింది. ఇక అప్పట్నుంచి ఎక్కడ చూసినా అదే. గడ్డం పెంచితే ట్రెండు, గొరిగితే ట్రెండు. ఎదురింటి మొగుడూ పెళ్లాలు విడిపోయినా "ఇప్పుడంతా అదే ట్రెండండీ" అన్నారు, అదేదో వానాకాలం జలుబైనట్టు.

కొడుకు మెల్లగా పక్కకు లాగాడు.

"నాన్నా, ఈ చోటు మగపెళ్లివాళ్లు బుక్ చేశారు. మేమూ ఇక్కడికొచ్చాకే చూశాం. వెనక్కి పోదామంటే ఏమని చెప్పను? ఈ ఒక్కపూట ఓర్చుకో. నీ నోట్లోంచి ఒక్క మాట జారిందంటే పిల్ల పెళ్లి ఆగిపోతుంది."

తాత మనవరాలి వైపు చూశాడు. తన ఆఫీసులోనే పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. రెండు కుటుంబాలూ ఎదురెదురుగా కూర్చోవడం ఇదే మొదలు. అద్దంలో చూసుకోకుండానే జుట్టు పదిసార్లు సర్దుకుంటోంది పాపం.

తాత చొక్కా తొడుక్కున్నాడు.

కాబోయే వియ్యంకుడిది ఫర్నిచరు షాపు. మనిషి మంచివాడే గానీ నోరు తెరిస్తే ట్రెండు.

"కొత్త బల్ల కొత్తగా ఉంటే ఎవడు కొంటున్నాడండీ? సుత్తితో నాలుగు దెబ్బలేసి, మేకుతో బొక్కలు పొడిచి, చెదలు తిన్నట్టు చేసి అమ్ముతున్నాం. అదే ఇప్పుడు ట్రెండు!"

"చెదలకు పని పోయిందన్నమాట" అని తాత మనవరాలి చెవిలో గొణిగాడు. ఆ పిల్లకు తాగే నీళ్లు ముక్కులోకి ఎక్కాయి. కోడలు బల్లకింద తాత కాలు తొక్కింది.

"మీరూ చెక్కపని చేసేవారటగా బాబాయిగారూ? ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు వియ్యంకుడు.

తాత నోరు తెరిచేలోపే కొడుకు అందుకున్నాడు. "చాలా దూరం లెండి బావగారూ. నా చిన్నతనంలో నాన్న ఇంటిపట్టున ఉన్నదే తక్కువ."

"అయ్యో, సంసారం కోసం ఎంత కష్టపడ్డారో!" అంది వియ్యపురాలు.

తాత నీళ్లగ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

తిండి వచ్చింది. కావాలని సొట్టలు కొట్టించిన పళ్లెం. అందులో గట్టిపడిన రొట్టె, నీళ్లలా జారిపోయే కూర. అందరూ ముందు ఫోన్లు తీశారు. పక్కగదిలో ఒకావిడ చంటివాడికి చారల చొక్కా వేసి, కటకటాల సందులో వాడి ముఖం పెట్టించి, "ఏడువు నాన్నా, ఏడువు, ఫోటో బాగా వస్తుంది" అని బతిమాలుతోంది. వాడేమో నవ్వుతున్నాడు. ఆవిడ వాడి తొడ గిల్లింది. వాడు గుక్కపట్టాడు. "సూపర్!" అన్నాడు తండ్రి.

తాత నోట్లోని ముద్ద ఉమ్మేయడానికి చోటు లేక మింగాడు.

పళ్లేనికి ఎడమచెయ్యి అడ్డం పెట్టి, తల ఎత్తకుండా గబగబా తినేశాడు.

"నెమ్మది మామయ్యా, ఎవరూ లాక్కోరు" అంది కోడలు.

"త్వరగా కానిస్తే బయటపడొచ్చు కదమ్మా" అన్నాడు తాత. అందరూ పడీపడీ నవ్వారు.

"ఎలా ఉంది బాబాయిగారూ మా సెలక్షను?"

తాత మనవరాలి ముఖంలోకి చూశాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు.

వియ్యంకుడు పొంగిపోయాడు. "పెద్దాయనకు కూడా నచ్చిందంటే ఇంకేం కావాలి! బావగారూ, ఇక ఆలస్యమెందుకు? మంచిరోజు చూసుకుందాం."

కోడలు కళ్లొత్తుకుంది. మనవరాలు బల్లకింద తాత చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొడుకు కుర్చీలో వెనక్కి వాలాడు, వచ్చాక అదే మొదటిసారి.

"ఉండండుండండి, అసలు సరదా ఇప్పుడే" అంటూ వియ్యపురాలు ఫోను పైకెత్తింది. "వీడియో తీస్తాను. దీనికోసమే కదా జనం ఇక్కడ ఎగబడుతోంది."

ఆవిడ మాట పూర్తికాలేదు. తాత వీపు వెనక ఈల గీపెట్టింది. లాఠీ కటకటాల మీద టకటకా పరుగెత్తింది. "హాజర్!" అని ఖాకీ బట్టల వెయిటరు గొంతు చించుకున్నాడు.

ఎవరి చొక్కా మీద ఉన్న నంబరు వాళ్లు అరవాలి. అదీ ఆట. వియ్యంకుడు "మూడు!" అని నవ్వాడు. పెళ్లికొడుకు "నాలుగు!" అన్నాడు. తాత గుండె మీద ఏడు అంకె ఉంది.

తాత ఒక్క ఉదుటున లేచి, గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, "రెండో బ్యారక్, నాలుగొందల పదహారు, హాజర్ దొరా!" అన్నాడు.