అక్క చెప్పిన జవాబు

"దొరికారు! ఈ కొలతలు అమ్మకానికేగా?" అక్క సెలూన్ తలుపు తోసుకొస్తూనే అరిచాడు తెత్సుజి.

లాయరు హోరియె చేతిలో టేపుతో వెనక్కి తిరిగింది. పక్కనే చక్రాల కుర్చీలో అతని అక్క సుమియో కూర్చుని ఉంది. పక్షవాతంతో అక్కకు మాట పడిపోయాక, సంరక్షకుడిగా తనను పెట్టమని తెత్సుజి కోర్టును అడిగాడు. కోర్టేమో ముక్కూమొహం తెలియని ఈ లాయరమ్మను నియమించింది. ఆ రోజు నుంచీ ఆమె ఏం చేసినా అతనికి అనుమానమే.

"అమ్మకానికేనండీ. కోర్టు అనుమతి ఇంకా రావాలి."

"నోరు లేని మనిషని మీ ఇష్టమొచ్చినట్టు చేసేస్తారా? ఈ షాపంటే అక్కకి ప్రాణం!"

"ఆవిణ్ణే అడుగుదాం."

"ఏం చెప్తుంది? రెండేళ్లుగా ఒక్క మాట లేదు!"

హోరియె రెండు ఫొటోలు సుమియో ఒళ్లో పెట్టింది. ఒకటి పైనే ఆమె ఇల్లున్న ఈ సెలూన్‌ది, ఒకటి ఆమె ఇప్పుడుంటున్న వృద్ధాశ్రమానిది.

"ఇకమీదట ఎక్కడుండాలని ఉంది, సుమియో గారూ?"

"ఇక్కడేనంటుంది, ఇంకెక్కడ..."

"కాస్త ఆగండి. ఆవిడకి టైం పడుతుంది."

చాలాసేపటికి సుమియో ఎడమచెయ్యి కదిలి, ఆశ్రమం ఫొటో మీద ఆగింది.

"అటూ ఇటూ మార్చి పెట్టండి," అన్నాడు తెత్సుజి.

మార్చి పెట్టింది. చెయ్యి వెతుక్కుంటూ మళ్లీ ఆశ్రమం మీదికే వెళ్లింది.

తెత్సుజి అక్క ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నాన్న పెట్టిన షాపు అక్కా. నలభై ఏళ్లు ఇక్కడే నిలబడ్డావు. ఇదంటే నీకు ప్రాణం కదా?"

ఈసారి జవాబు తాను చెప్పలేదు. ఎదురుచూశాడు.

సుమియో తమ్ముడి కళ్లలోకి చూస్తూ, మెల్లగా తల అడ్డంగా ఊపింది.