పెళ్లికొడుకు చాకు

"కత్తి కింద పడేసి కారు దిగు!"

ఎస్సై సంజీవరావు అరుపుకి బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిన పూల కారు చుట్టూ జనం మూగారు. కారులోంచి పెళ్లికొడుకు హేమసుందర్ దిగాడు. నుదుట బాసికం, బుగ్గన చుక్క, చేతిలో మడత చాకు, దాని మొనకి గుచ్చిన నిమ్మకాయ. దిగాడు గానీ చాకు మాత్రం వదల్లేదు.

వెనకే మేనమామ మంగరాజు పంచె ఎగ్గట్టుకుని దిగాడు. "అయ్యా ఎస్సై గారూ, వీడు మా మేనల్లుడండీ. కైకలూరు నుంచి మంగళగిరి పోతున్నామండీ. పదకొండున్నరకి ముహూర్తం. పెళ్లికొడుకు చేతిలో కత్తి ఉండటం మా ఆనవాయితీ అండీ, దిష్టి తగలకుండా."

"ఈ కారులో ఒకడు కత్తి పట్టుకుని కూర్చున్నాడని కంట్రోల్ రూమ్‌కి ఫోనొచ్చిందయ్యా. బండి నంబరు కూడా చెప్పారు. వస్తే ఆపకుండా ఎలా ఉంటాం?"

మంగరాజు పళ్లు నూరాడు. ఇది కచ్చితంగా చేపల వ్యాపారంలో తనంటే గిట్టని వెంకటప్పయ్య పనే. వాడి సంగతి తరవాత చూడాలి.

ఎస్సై నిమ్మకాయని చూసి కాస్త మెత్తబడ్డాడు. "సరే, చాకు ఇక్కడిచ్చి వెళ్లండి. పెళ్లయ్యాక స్టేషన్‌కొచ్చి తీసుకుందురుగాని."

"ఇవ్వనండీ," అన్నాడు హేమసుందర్.

మంగరాజు వాడి భుజం పట్టుకుని కుదిపాడు. రేపటి నుంచి మూఢం. ఈ ముహూర్తం దాటిందంటే మూడు నెలల దాకా పెళ్లి మాటే ఎత్తకూడదు. "ఒరేయ్, ఇచ్చెయ్యరా!"

"ఎలా ఇస్తాను మావయ్యా? తాళి కట్టేదాకా కత్తి చేతిలోంచి జారకూడదు, జారితే పెళ్లికూతురికి అరిష్టం అని పొద్దున అందరి ముందూ చెప్పింది నువ్వే కదా."

మంగరాజు తల గోక్కున్నాడు. చెప్పింది తనే. పాత బాకు తుప్పు పట్టిందని నిన్న వన్ టౌన్‌లో బేరమాడి ఈ చాకు కొన్నదీ తనే.

"ఏమయ్యా, రోడ్డు మీద కత్తి పట్టుకు తిరగడం నేరమని తెలీదా?" ఎస్సై గొంతు పెంచాడు.

"ఏ కత్తండీ? తొమ్మిది అంగుళాలు దాటితే లైసెన్సు కావాలి. ఇది మూడంగుళాలు కూడా ఉండదు. పట్టపగలు అంగట్లో కొన్నది. స్కేలు తెప్పించండి, కొలుద్దాం."

జనం గొల్లుమన్నారు. నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో మొదలుపెట్టారు. కానిస్టేబుల్ ఒకడు పక్కనున్న పుస్తకాల షాపు నుంచి నిజంగానే స్కేలు తెచ్చాడు. హేమసుందర్ నిమ్మకాయ తీసి, చాకు తన చేతిలోనే ఉంచుకుని, కొలవమని ముందుకు చాపాడు. వాడన్నది నిజమే.

"అయిందిగా, బయల్దేరండి," అన్నాడు ఎస్సై ఫోన్ల వంక ఓరగా చూస్తూ.

మంగరాజు కారు తలుపు తీశాడు. హేమసుందర్ మాత్రం వెళ్లి డివైడర్ మీద కూర్చున్నాడు.

"అలా ఎలా కుదురుతుందండీ? నడిరోడ్డు మీద దొంగలా నిలబెట్టారు. ఊరంతా చూసింది. తప్పయితే కేసు పెట్టండి. కాకపోతే తప్పు లేదని రాసి, సంతకం చేసి ఇవ్వండి. అప్పటిదాకా కదలను."

"నీకు పెళ్లి కావాలా, కాగితం కావాలా?" ఎస్సైకి చిర్రెత్తుకొచ్చింది.

"మర్యాద కావాలండీ."

జనం చప్పట్లు కొట్టారు. పరువు పోతుందని భయపడ్డ ఎస్సై పక్కకి వెళ్లి పైఆఫీసరుకి ఫోన్ చేశాడు. ఆయన ఇంకొకరిని అడగాలన్నాడు. ఎండ నెత్తికెక్కుతోంది. మంగరాజు గడ్డం పట్టుకుని బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడుపొక్కటే తక్కువ.

"ఈ పోలీసోళ్లతో ఎప్పుడూ ఇంతేరా! అందుకే ఆ పిల్ల దుర్గకి కానిస్టేబుల్ ఉద్యోగం వద్దన్నాను. సోమవారం ట్రైనింగుకి పోతే ఈ సంబంధమే వద్దని వాళ్ల నాన్నకి తెగేసి చెప్పాను. చూశావా, నా మాటే నిజమైంది!"

హేమసుందర్ చాకు మొన వైపే చూస్తూ కూర్చున్నాడు. సంబంధం ఖాయం చేసిన రోజు పెద్దల ముందు మంగరాజు ఆ షరతు పెట్టినప్పుడు కూడా వాడు కిక్కురుమనలేదు. మేనమామ ముందు నోరెత్తని ఈ కుర్రాడికి ఎస్సై ముందు ఇంత నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందో మంగరాజుకి అంతుపట్టలేదు. మనసులో ఏ మూలో కొంచెం గర్వంగా కూడా అనిపించింది, అదీ ఒప్పుకోవాలి.

కాగితం చేతికొచ్చేసరికి పన్నెండు దాటింది. మంగళగిరి నుంచి పురోహితుడు ఫోన్ చేసి, ముహూర్తం వెళ్లిపోయిందనీ, ఇక మూఢం పోయాకేననీ చెప్పేశాడు. మంగరాజు డివైడర్ మీద కూలబడ్డాడు.

ఎస్సైకి జాలేసింది. "ఏమనుకోకండి పెద్దాయనా. మీవాడు మొండిఘటం."

"మగాడండీ మావాడు," అన్నాడు మంగరాజు కళ్లు తుడుచుకుంటూ. "పెళ్లాగిపోయినా తల వంచలేదు."

వాణ్ణి ఓదార్చుదామని లేచి కారు వెనక్కి వెళ్లాడు. హేమసుందర్ అటు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు, బాసికం విప్పేశాడు, గొంతులో దిగులు మచ్చుకైనా లేదు.

"సోమవారం ట్రైనింగుకి ధైర్యంగా వెళ్లిపో దుర్గా, మూఢం పోయేలోగా మావయ్యని నేను ఒప్పిస్తాను. ఇంకా ఉద్యోగంలో చేరకుండానే, ఒక్క ఫోన్‌కాల్‌తో మొదటి దొంగని భలే పట్టించావు!"