ఎనామ్ శిక్షల పుస్తకం

“తప్పు నాది మాస్టారూ. మా పిల్ల పేరు మాత్రం కొట్టెయ్యకండి.”

బొబ్బర్ల గారెల పొట్లం బల్ల మీద పెట్టి జిఫా చేతులు కట్టుకుని నిలబడింది. పాలిమే బజారులో గారెలమ్మే ఆమెకి నోరున్న మనిషని పేరు. ఇవాళ బతిమాలుతోంది.

“ఏ పేరు? ముందు కూర్చోమ్మా,” అన్నారు అగ్బెకో మాస్టారు.

“బడి గోడ మీద కాగితం చదివానండీ. నడవడి బాగాలేనివాళ్లని పరీక్షకి పంపరంట కదా. మా ఎనామ్‌కి చదువంటే ప్రాణమండీ. పండక్కి గౌను వద్దని ఎర్రకలం కొనిపించుకున్న పిచ్చిది! క్లాసులో కబుర్లు ఆపలేక మీచేత శిక్షలు వేయించుకుంటోంది గానీ.”

నడుముకి చుట్టిన గుడ్డలోంచి ఆ శిక్షలు రాసిన నోటుపుస్తకం తీసి ఇచ్చింది. పేజీల నిండా ఒకటే ఫ్రెంచి క్రియ, ‘ఆలే’. వెళ్లడం. టోగో దేశం మొత్తం మీద ఇంత పెంకి క్రియ ఇంకోటి లేదు. ఇవాళ ‘వే’ అంటుంది, రేపటికి ‘ఇరే’ అయిపోతుంది, వెళ్లాలి అనేసరికి ‘ఆయ్’ అంటూ ఇంకో మొహం పెడుతుంది.

“ఇందులో సగం నేనే రాశానండీ. చెయ్యి నొప్పని ఏడ్చేది. రాయకపోతే మీరు ఎండలో మోకాళ్లేయిస్తారంది. తల్లిని కదా! రాత్రిబడికి రమ్మన్నవాళ్లని తరిమేసినదాన్ని, గారెల మూకుడు పక్కన కూర్చుని పిల్ల దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాను. వంకరపోతే మీరు ఎర్రసిరాతో కొట్టేసి పంపేవారు. మళ్లీ రాసేదాన్ని. మిమ్మల్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో!”

మాస్టారి వేలు ఒక ఎర్రగీత దగ్గర ఆగింది.

“మరి ఈ గారెలెందుకు?”

“దణ్ణం పెట్టుకోడానికొచ్చాను. మొన్న మా అమ్మ మందుచీటీ నేనే చదివాను, ఎవర్నీ బతిమాలకుండా. ఆ మేలు చచ్చినా మర్చిపోను. శిక్షేదో నాకెయ్యండి, పిల్లని పరీక్షకి పంపండి.”

మాస్టారు సుద్దముక్క అందించారు. “రాయమ్మా, చూద్దాం.”

జిఫా నల్లబల్ల మీద ‘ఆలే’ని అన్ని కాలాల్లోనూ రాసింది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

ఆయన పరీక్ష జాబితా ఆమె ముందుకి జరిపారు. మొదటి పేరు ఎనామ్‌దే. తనంతట తనే చదువుకుని జిఫా భోరుమంది.

“ఇన్ని శిక్షలు వేసి కూడా దాని పేరు ముందు పెట్టారా! మీ రుణం ఎలా తీర్చుకోను మాస్టారూ?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“మీ అమ్మాయికి నేనెప్పుడూ శిక్ష వెయ్యలేదమ్మా.”