గుప్పెడు బియ్యం

“ఈ యాప్ వద్దు రూబీ. ఏ సరుకు ఎవరు రాశారో ఇందులో తెలియడం లేదు,” అంది తబిత.

“పోనీ, ఈ పచ్చబుట్ట బొమ్మది? తెలుగులో రాసుకోవచ్చు. ఒకళ్ళు రాయగానే మిగతా వాళ్ళ ఫోన్లు మోగుతాయి.”

“మీ నాన్నకి డ్యూటీలో ఇబ్బంది కాదూ?”

“పంచదార ఫ్యాక్టరీ మోతలో నా ఫోను ఎవరికి వినబడుతుందే!” అన్నాడు విజయ్ పాల్. ఎవరూ నవ్వలేదు.

తణుకులో ఆ ఇంట్లో అందరివీ పరుగులే. ఆయనకి షిఫ్టులు, తబితకి బడి ఉద్యోగం, రూబీకి కాలేజీ బస్సు. దారిలో ఎవరికి తోచింది వాళ్ళు కొనేస్తే ఇంట్లో ఉప్పు ప్యాకెట్లు పేరుకుపోతున్నాయి, నూనె మాత్రం ఉండటం లేదు. అందుకే యాప్ అని పైకి చెప్పింది తబిత. అసలు భయం వేరు. పక్కగది వైపు చూసి గొంతు తగ్గించింది.

“ఏవండీ, అత్తయ్యగారిని గమనిస్తున్నారా? బియ్యం బస్తా నెల తిరక్కుండానే అయిపోయింది. చూస్తే సగం చర్చి డబ్బాలో ఉంది.”

అన్నం వండే ప్రతిసారీ ముందుగా గుప్పెడు బియ్యం తీసి చర్చి కోసం ఆ డబ్బాలో వేయడం అత్తగారు ప్రసన్నకుమారి ఈ ఇంటికి నేర్పిన అలవాటు. ఇప్పుడా డబ్బాకి మూత పట్టడం లేదు. వేసిన సంగతి మరిచిపోయి మళ్ళీ మళ్ళీ వేస్తేనే అలా అవుతుంది.

“చెయ్యి విరిగాక మామ్మ వంటగదిలోకి రావడమే తక్కువ కదమ్మా,” అంది రూబీ నెమ్మదిగా.

“నా భయమూ అదే. మనం లేనప్పుడు వచ్చి ఏం చేస్తున్నారో! మొన్న పాలగిన్నె నల్లగా మాడిపోయింది. మంట ఆరిపోయి గ్యాస్ ఇల్లంతా నిండితే?”

 తబిత తల్లికీ ఇలాగే మొదలైంది. ముందు ఉప్పు, తర్వాత ఇంటి దారి, చివరికి కన్నబిడ్డల పేర్లు.

మాటలు వినబడ్డాయేమో, ప్రసన్నకుమారి కట్టు కట్టిన చేత్తో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అత్తయ్యగారూ, కోప్పడనులెండి. డబ్బాలో అన్ని బియ్యం పోసింది మీరేనా?”

ఆవిడ కొడుకు వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది.

“నేనేనమ్మా. పెద్దదాన్నయ్యాను కదా.”

“ఏం ఫర్వాలేదండి. నేనున్నానుగా,” అని తబిత ఆవిడ కట్టు లేని చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఎంతకీ వదలలేదు.

“ఆ పచ్చబుట్టదే పెట్టు రూబీ. ముందు నా ఫోన్లో. తర్వాత వీళ్ళకి పెడుదువుగాని.”

రూబీ తల్లి ఫోను అందుకుంది. తెర కొంచెం పక్కకి తిప్పి, ఒకసారి నొక్కి ఇచ్చేసింది.

“వచ్చేసిందమ్మా.”

“అప్పుడేనా!” తబిత ముచ్చటపడింది. జాగ్రత్తగా ఒక్కో అక్షరం వెతికి మొదటి సరుకు రాసింది: బియ్యం.

విజయ్ పాల్ జేబులో ఫోను మోగింది. రూబీ చేతిలోదీ మోగింది. పక్కగదిలో అత్తగారి మంచం మీద నుంచి ఇంకొకటి మోగింది.

పోయినవారం కూడా తబిత ఇదే యాప్ ఎంచుకుంది.